రెండు వరుసల అంకెలు

"మీ మిషను నిద్రపోతోంది తల్లీ," అన్నాడు ముసలాయన, గుమ్మంలోనే తడి టోపీ విదిలిస్తూ.

హిమేనా తలెత్తింది. వాల్దివియా ఊళ్ళో, ఏటి మిషన్లని చూసుకునే ఆ చిన్న ఆఫీసుకి బయటివాళ్ళు రావడం అరుదు.

"ఏ మిషను తాతా?"

"మా ఊరు కుమిల్కోలో వంతెన కింద పెట్టారే, ఏరు ఎంత ఎత్తుందో చెప్పేది. అదే."

పేరు ఎవారిస్తో అన్నాడు. పెద్దవాళ్ళని అక్కడ మర్యాదకి 'దోన్' అంటారు. రెండు గంటలు బస్సులో వచ్చాడట.

పక్క బల్ల దగ్గర నిబాల్దో నవ్వాపుకున్నాడు.

"దాన్ని మేమే నిద్రపుచ్చుతాం దోన్ ఎవారిస్తో. వానాకాలం ఎండ ఉండదు, బ్యాటరీ మిగలాలిగా. పది నిమిషాలకోసారి లేచి, నీటిమట్టం చెప్పి, మళ్ళీ పడుకుంటుంది."

"పడుకుంటే పడుకోనీ బాబూ. లేవడం లేదు. ఏరు పెరుగుతున్నా పాత అంకే చెబుతోంది."

నిబాల్దో అలవాటు ప్రకారం ముందు ఆ మిషన్ని ఇక్కడినుంచే ఆపి, మళ్ళీ వేశాడు. తర్వాత ఆ సాయంత్రమంతా సెకనుకోసారి మట్టం అడిగేలా పెట్టాడు. తెరమీద అంకెలు చకచకా వచ్చాయి.

"చూడండి. గుర్రంలా పనిచేస్తోంది."

"మీరు చూస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది," అన్నాడు ముసలాయన. "బడిపిల్లల్లాగే."

తరువాతి గురువారం మళ్ళీ వచ్చాడు.

"వచ్చాడు నీ ఏటి చుట్టం," నిబాల్దో గొణిగాడు. "ఖాళీగా ఉన్న మనిషి. పొద్దు పోవద్దూ?"

మళ్ళీ ఆపి, వేసి చూపించాడు. మళ్ళీ బాగానే పనిచేసింది.

మూడో గురువారం ముసలాయన ఎక్కువసేపు కూర్చోలేదు. దగ్గుతూ ఒక నోటుబుక్కు బల్లమీద పెట్టాడు.

"మీకు సవాలక్ష పనులుంటాయి. తీరికైనప్పుడు చూడండి తల్లీ. రేవు పక్కన నలభై ఇళ్ళున్నాయి. సైరన్ కూస్తేగాని వాళ్ళు కదలరు. మిషను చెబితేగాని సైరన్ కూయదు."

నిబాల్దో ఆ పుస్తకాన్ని తన కంప్యూటర్ తెర కింద ఎత్తుకి పెట్టుకున్నాడు.

నాలుగో గురువారం ముసలాయన రాలేదు.

ఆ రోజే వాతావరణ హెచ్చరిక వచ్చింది: శనివారం దక్షిణమంతా పెద్ద వాన.

హిమేనాకి ఎందుకో మనసు నిలవలేదు. తెర పైకెత్తి నోటుబుక్కు లాగింది.

గంటగంటకీ రెండు అంకెలు, మీటర్లలో. ఒక వరుస ఆయన స్వయంగా చూసిన ఏటి మట్టం. రెండో వరుస వంతెన దగ్గర మిషను పలకమీద కనబడేది.

ఏరు: ఒకటి అరవై రెండు, ఒకటి డెబ్బై ఒకటి, ఒకటి తొంభై అయిదు.

మిషను: ఒకటి నలభై, ఒకటి నలభై, ఒకటి నలభై.

గురువారం సాయంత్రాలు మాత్రం రెండు వరుసలూ సరిగ్గా కలిశాయి. శుక్రవారం పొద్దుటికి మళ్ళీ విడిపోయాయి.

"నిబాల్దో, చూసేముందు నువ్వు మిషన్ని ఆపి వేస్తావు కదూ?"

"ఎవడైనా ముందు చేసేది అదేగా?"

"అందుకే మనకి జబ్బు కనబడలేదు. ముందే లేపేసి, సెకనుకోసారి పిలుస్తూ కూర్చుంటే అది ఇంక నిద్రెప్పుడు పోతుంది?"

నిబాల్దో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఈసారి ఆపలేదు, వేయలేదు. ఒక్కసారి అడిగి వదిలేశారు. గంటసేపు కిటికీ అవతల వాన కురుస్తూనే ఉంది. మళ్ళీ అడిగారు.

అదే అంకె.

వెతికితే కారణం దొరికింది. మిషన్లోని అన్ని భాగాలనీ నడిపించే ప్రోగ్రాం కెర్నెల్. మార్చిలో వీళ్ళే దాన్ని తీసి కొత్తది వేశారు. కొత్త కెర్నెల్, యూఎస్‌బీ తీగకి తగిలించిన, నీటిమట్టం కొలిచే సెన్సరుకి కరెంటు మరీ తగ్గించి నిద్రపుచ్చుతోంది. లేచేసరికి సెన్సరు అంతా మరిచిపోతోంది. జవాబు రాక, మిషను తన దగ్గరున్న పాత అంకెనే మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

మొండి పరికరాల జాబితా ఒకటి కెర్నెల్లో ఉంటుంది. హిమేనా అందులో ఒక్క వరుస చేర్చింది. నిద్రలేచిన ప్రతిసారీ ఈ సెన్సరుని మొదటినుంచీ పరిచయం చేసుకోవాలని.

శుక్రవారం సాయంత్రానికి ఆ మార్పు కుమిల్కో మిషన్లోకి చేరింది.

శనివారం మధ్యాహ్నం ఏరు మూడు మీటర్లు దాటింది. సైరన్ కూసింది. నలభై ఇళ్ళవాళ్ళూ గుట్టమీది బడికి ఎక్కేశారు.

సోమవారం ఆ వరుసని, లోకంలోని కెర్నెల్ పనివాళ్ళంతా చదివే ఈమెయిల్ బృందానికి పంపింది హిమేనా. గంటలో ఒక పెద్దాయన జవాబిచ్చాడు.

"దిద్దుబాటు బాగుంది. తప్పు కనిపెట్టిందెవరు? కింద వారి పూర్తి పేరు ఉండాలి. అది మన ఆనవాయితీ."

"నీ పేరు రాసెయ్," అన్నాడు నిబాల్దో. "ఎవరడుగుతారు?"

"కనిపెట్టింది నేను కాదుగా."

కుమిల్కో పంచాయతీ ఆఫీసుకి ఫోను చేసింది. ఒకావిడ ఎత్తింది.

"దోన్ ఎవారిస్తో పూర్తి పేరా? ఎవారిస్తో వెంచుల్ కరాస్కో. రాసుకున్నావా అమ్మా?"

"రాసుకున్నానండీ. ఆయన్ని ఒకసారి పిలుస్తారా? ఒక మాట చెప్పాలి."



"కిందటి బుధవారం పోయాడమ్మా. ఊపిరితిత్తులు. ఆ వయసులో, వానలో, గంటగంటకీ ఏటిగట్టున నిలబడితే ఇంకేమవుతుంది?"

"మిషను ఉందిగా," అంది హిమేనా. "ఆయనెందుకు నిలబడాలి?"

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఏటి మట్టం చూసి రాసే ఉద్యోగం ఆయనదే," అంది ఆవిడ మెల్లగా. "మీ మిషను పెట్టిన రోజే ఆయన్ని ఇంటికి పంపేశారు."