బొట్టు మీద బొట్టు

"బండి పక్కన నిలబడుండ్రి మేడం. రేపటినుంచి సబ్సిడీ బందు. ఇయ్యాల ఫోటో ఆన్‌లైన్ల ఎక్కిస్తే బండి మీకు ఇచ్చినట్టే లెక్క," అన్నాడు షోరూం భూమేష్.

"ఇచ్చినట్టేనా? బుక్ చేసి మూడు నెలలాయె. నా బండేది?" అంది ఉమారాణి.

"వచ్చే నెల పక్కా. అందాక దీంతోని ఫోటో దిగుండ్రి."

బోధన్ నుంచి బస్సులో నిలబడి వచ్చిన ఆమె భర్త రవీందర్, అప్పుడే తల దువ్వుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఉమారాణి మొహం చిట్లించుకుని దగ్గరికెళ్లింది. కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు మీద కుంకుమ వేలెడు మందాన పేరుకుంది. చక్రాల ముందు ఎండిన నిమ్మకాయలు గుట్టగా ఉన్నాయి. ఒక్కటీ చితకలేదు.

"ఈ ఒక్క బండి ఎంతమందికి ఇచ్చిండ్రు?"

భూమేష్ గోడకేసి చూపించాడు. వరుసగా ఫోటోలు, అన్నింటిలోనూ ఇదే బండి. ఒకదాంట్లో పక్కింటి ప్రేమ్ పళ్లికిలిస్తున్నాడు. "బండి సర్వీసింగుల ఉన్నదక్కా" అని నెలరోజులుగా చెబుతున్న ప్రేమ్.

"థూ! గింత అబద్ధమా?"

"వద్దంటే చెప్పుండ్రి మేడం. సబ్సిడీ పదివేలు పోతయ్."

ఉమారాణి కొంగు సర్దుకుని బండి పక్కన నిలబడింది.

"మన బండేదని వాడకట్టోళ్లు అడిగితే?" గుసగుసగా అన్నాడు రవీందర్.

"సర్వీసింగుల ఉన్నదని చెప్పు. ప్రేమ్ ఎట్లాగూ అడగడు. ముందుగాల నువ్వు నవ్వు."