ఒక చుక్క ఎక్కువైంది

"ఇది ఈడ ఉండద్దు," అన్నాడు సుదర్శన్, భూతద్దం ఫ్లెక్సీ మీది నుంచి తీయకుండానే.

పన్నెండడుగుల ఫ్లెక్సీ షాపు నేల నిండా పరుచుకుని ఉంది. నల్లటి ఆకాశం, అందులో వేల గెలాక్సీలు. అంతరిక్షంలో తిరిగే పెద్ద టెలిస్కోపు తీసిన ఫొటో అది. సిరిసిల్ల ఖగోళ క్లబ్బు అధ్యక్షుడు, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ సుదర్శన్ చెప్పులు విడిచి, దాని అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూడింటికి కోరుట్ల బడిలో ప్రదర్శన. బయట ట్రాలీ ఆటో అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టింది.

"ఏంది సార్ ఉండద్దు?" షాపు యజమాని శ్రీధర్ వంగి చూశాడు.

"గీ చుక్క. ఎర్ర గెలాక్సీ పక్కన, కందిగింజంత. పదకొండేండ్ల సంది ఈ ఫొటో నా గోడకున్నది. ఈడ ఉత్త నలుపే ఉండాలె."

"ఇన్ని వేల చుక్కలల్ల ఒక్క చుక్క సార్!"

"పెండ్లి ఫ్లెక్సీల మేనమామ తలకాయ ఒకటి ఎక్కువ పడితే ఊకుంటరా?"

శ్రీధర్‌ కంప్యూటర్ ముందు కూర్చున్న కల్పన వైపు తిరిగాడు. ఆమె వీర్నపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి డిజైన్లు చేస్తుంది. నెల కింద ఒక పెళ్లి ఫ్లెక్సీలో తేదీ తప్పు పడినప్పుడు, ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికేనని ఆమెకు చెప్పి ఉన్నాడు.

"కల్పనా, ఏందిది?"

కల్పన లేచి నిలబడింది.

ఫ్లెక్సీ రెండో అంచు పట్టుకుని ఉన్న యోహాను గొంతు సవరించుకున్నాడు. క్లబ్బు కార్యదర్శి ఆయన. పొద్దున పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చింది ఆయనే.

"పోనియ్యండి సుదర్శన్ సార్. పిల్లలు గంత దూరం చూస్తరా?"

"నువ్వేనా గీ మాటనేది? రజని టీచర్ ఉంటే నాకంటె ముందు పట్టుకునేది. ఒక్కో చుక్క ఒక్కో లోకం, ఒక్కటి కూడ తప్పు చెప్పద్దని పిల్లలకు నేర్పింది నీ భార్యనే గద!"

యోహాను తల దించుకున్నాడు.

"పోయినేడు టీచరమ్మ సంస్మరణ ఫ్లెక్సీ కల్పన మంచిగ చేసిందని మీరే మెచ్చుకుంటిరి సార్," అన్నాడు శ్రీధర్, యోహానుతో. "మడత పడ్డ ఫొటోను రోజంత కూసొని సాపు చేసింది. గందుకే ఈ పని ఆమెకిచ్చిన. ఇప్పుడేమో గిట్ల!"

సుదర్శన్ మళ్లీ భూతద్దం పెట్టాడు. అందులో రంగు రంగుల సిరా మచ్చలే తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

"ఫైల్ తెరువమ్మా. అండ్ల ఉంటే తెచ్చినోళ్ల తప్పు. లేకుంటే నీ తప్పు. తేలిపోతది."

కల్పన చేయి వెనక్కి పోయింది. మానిటర్ ఆరిపోయింది.

"తెరువుడెందుకు సార్? తప్పు నాదే."

"ఏం చేసినవ్?" శ్రీధర్ గొంతు పెరిగింది. "నీ పేరేమన్న రాసుకున్నవా అండ్ల?"

"మరక తుడుస్తుంటె పడ్డదన్నా. చూసుకోలే."

"ఇగ సాలు. రేపటి సంది రాకు."

"శ్రీధర్!" యోహాను ముందుకు వచ్చాడు. "ఆ పిల్లననకు. తప్పు నాది. పెన్‌డ్రైవ్ తెచ్చింది నేను."

"మీరు మంచోళ్లు సార్. ఎవలనన్న తిడుతుంటె ఓర్వరు."

"కాదు, నిజంగనే..."

హారన్ మూడోసారి మోగింది. సుదర్శన్ జేబులో నుంచి నల్ల మార్కర్ తీసి మూత పీకాడు.

"మళ్ల ప్రింటు కొట్టే టైం లేదు. దీన్ని నలుపు చేస్త, అయిపోతది."

యోహాను ఆపబోయినట్టు చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

మార్కర్ మొన చుక్కకు బెత్తెడు దూరంలోకి వచ్చింది.

"సార్, ఆగుండ్రి!" కల్పన ఫ్లెక్సీ మీదికే ఉరికింది. సుదర్శన్ ఉలిక్కిపడి చేయి ఎత్తాడు. ఆమె తన అడుగుల కింద ఉన్న గెలాక్సీలను చూసి చటుక్కున పక్కకు జరిగింది.

"మార్కర్ పెడితె లైట్ పడ్డప్పుడు మెరుస్తది సార్. ఇప్పుడు మీకొక్కలకే కనబడుతంది. అప్పుడు వచ్చినోళ్లందరికి కనబడ్తది."

సుదర్శన్ ఆమె ముఖంలోకి, చుక్క వైపు, గోడ గడియారం వైపు చూశాడు. వెనక సందులో మరమగ్గాల చప్పుడొక్కటే వినిపించింది.

ఆయన మార్కర్‌కు మూత పెట్టాడు.

"సరే, ఎత్తుండ్రి. కోరుట్లల ఎవలన్న అడిగితె మాత్రం నీ పేరే చెప్త."

"చెప్పుండ్రి సార్."

"యోహాను సార్ మొఖం చూసి ఈసారికి ఇడిచిపెడుతున్న," అన్నాడు శ్రీధర్, ఆమె వైపు చూడకుండా.

ఫ్లెక్సీని చుట్టి ఆటోలోకి ఎక్కించారు. సుదర్శన్ ముందు సీట్లో కూర్చున్నాడు. యోహాను మాత్రం చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆలస్యం చేశాడు.

"బిడ్డా, ప్రింటుకు ముందు ఫైల్ పెద్దగ చేసి చూస్తవా?"

"ప్రతి ఫైల్ చూస్త సార్."

"మూల మూలకు?"

"మూల మూలకు."

ఆయన గుమ్మం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"దాన్ని మడత పెట్టనియ్యకుండ్రి సార్," అంది కల్పన మెల్లగా. "చుట్టే ఉంచుండ్రి. మడత పడితె మళ్ల పోదు."

యోహాను తలూపి, కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మెట్లు దిగాడు.

ఆటో మలుపు తిరిగింది. శ్రీధర్ చాయ్ తాగడానికి వెళ్లాడు. కల్పన మానిటర్ వెలిగించి ఫైల్ తెరిచింది. ఎర్ర గెలాక్సీ పక్కకు పోయి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. పొద్దున ఆగిన చోటే మళ్లీ ఆగింది.

చుక్కలో రజని టీచర్ నవ్వుతోంది.