దీపాల వేళ నొప్పి

గ్రేసమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను చచ్చిపోతే పిల్ల ఎవరి చేతుల్లో పెరగాల్సి వస్తుందో అని.

పిల్లకు ఇంకా నడక రాలేదు. గ్రేసమ్మకు ఇరవై ఏళ్ళు నిండలేదు. అయినా రెండు నెలలుగా ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి సగంలో ఆగుతుంది. ఎడమ చెయ్యి పైకెత్తితే ప్రాణం పోయినంత పని అవుతుంది.

యుద్ధం ముగిసిన ఏడాది అది. నారాయణఖేడ్ దవాఖానకు నెలకోసారి లేడీ డాక్టరు రావడం మొదలైంది. మద్రాసు వైపు మనిషి, తెలుగు అంతంత మాత్రం. పోయిన నెల ఆమె మొదటిసారి వచ్చిన రోజున కంపౌండరు మందులు తేవడానికి ఊరు దాటి పోయాడు. ఆయా హన్నమ్మే సైగలతో ఎలాగో నెట్టుకొచ్చింది. డాక్టరమ్మ గ్రేసమ్మ చేతికి గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, గాజు గొట్టంలో పాదరసం చూసింది. రక్తపోటు బాగుంది, భయం లేదు, మళ్ళీ నెల రమ్మంది.

అందుకే ఇవాళ పిల్లను చంకనేసుకుని వచ్చింది గ్రేసమ్మ. కంపౌండరు తెల్లారకముందే టీకాల పని మీద కంగ్టికి బండి కట్టించాడు. దవాఖానలో హన్నమ్మే ఉంటుంది.

అరుగు మీద సిర్గాపూర్ నుంచి వచ్చిన సిద్దమ్మ అనే ముసలమ్మ దగ్గుతూ కూర్చుని ఉంది.

"నీకేమైంది బిడ్డా?"

"గుండెల నొస్తుందవ్వా."

"పడుచుదానివి, నీకేం గుండెనొప్పే? గవి మా అసొంటి ముసలోళ్ళకు వచ్చేటియి." సిద్దమ్మ బోసినోటితో నవ్వింది. "ఈ కాలం పోరగాళ్ళకు పని చెప్తే చాలు, గుండె దడ. పొయ్యి కాడికి పొమ్మంటే ఊపిరాడది. ఇంట్ల రొట్టెలు ఎవలు చేస్తుండ్రే?"

"నేనే అవ్వా."

"మంచిగ చేస్తున్నవా?"

గ్రేసమ్మ జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుంది.

"ఇగ ఎవరున్నరు?" మగగొంతు.

కంపౌండరు. వాగు పొంగి కంగ్టి బండి సగం దోవలోంచే వెనక్కి తిరిగిందట. తను వచ్చేశాను కదా అని హన్నమ్మను ఇంటికి పంపేశాడట.

గ్రేసమ్మ లేచి పోదామనుకుంది. ఆడమనిషితో చెప్పుకునే బాధను మగవాడి నోటి మీదుగా ఎట్లా చెప్పాలి? కానీ అతడు అప్పటికే చూశాడు.

"రా. లోపల కూసో."

డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"చెప్పు" అన్నాడు కంపౌండరు. "ఏం బాధ ఉన్నదో అంత చెప్పు. నేనేమన్న తింటనా?"

గ్రేసమ్మ తల వంచుకుంది. "ఛాతి పట్టేస్తది. దడ వస్తది. దీపం పెట్టే యాళ్ళకు ఎక్కువైతది."

అతడు దాన్ని రెండు ముక్కల్లో ఇంగ్లీషు చేసేశాడు. గ్రేసమ్మ బడికి పోయింది నాలుగో తరగతి దాకానే, తర్వాత పెళ్ళి చేసేశారు. అయినా 'ఈవినింగ్' అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అతని ఇంగ్లీషులో ఆ మాట రాలేదు.

గ్రేసమ్మ భర్త పేరు అడిగింది డాక్టరమ్మ. గ్రేసమ్మ పెదవి విప్పలేదు.

"మా దిక్కు ఆడోళ్ళు మొగని పేరు నోట పలుకరు మేడం" అని నవ్వాడు కంపౌండరు. దాన్నే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు. డాక్టరమ్మకూ నవ్వొచ్చింది. ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

పిల్ల ఏడుపు అందుకుంది. కంపౌండరు ఒక్కసారి దానివైపు చూశాడు. టక్కున ఊరుకుంది.

"సూదులేసేటోణ్ణి గదా. పిల్లలకు నేనంటే హడల్."

పట్టీ తనే చుట్టాడు, మోచేతి దాకా ఉన్న రవిక మీదుగానే. బిగిస్తుంటే గ్రేసమ్మ పళ్ళు కరుచుకుంది. పాదరసం సర్రున పైకి పోయింది. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. పట్టీ బిగించిన ఎడమచెయ్యి కూడా నొస్తుందని తెలిశాక ఆమె మొహం ఇంకా మారింది. ఛాతీలోంచి చేతికి పాకే నొప్పి అంటే గుండెదేనని అనుకుంది.

కంపౌండరును మంచినీళ్ళకు పంపి మళ్ళీ చూసింది. పాదరసం దిగివచ్చింది.

గ్రేసమ్మ గుమ్మం వైపు చూసింది. ధైర్యమంతా కూడగట్టుకుని ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"ఈవినింగ్" అంది. కిటికీలోంచి పడమర చూపించింది. "ఈవినింగ్, డాక్టరమ్మా."

"రోజూ?"

"రోజూ."

కంపౌండరు చెంబుతో వచ్చాడు. నీళ్ళు తాగించి చూస్తే పాదరసం మళ్ళీ ఎక్కింది. రక్తపోటు చూసే పెట్టె చెడిందేమోనని డాక్టరమ్మ ఆ పట్టీని కంపౌండరు చేతికి చుట్టి చూసింది. పాదరసం ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది. పెట్టెలో ఏ లోపమూ లేదు.

డాక్టరమ్మ పట్టీ విప్పింది. గ్రేసమ్మకు కూడా అర్థం కావాలని, వచ్చీరాని తెలుగులో కూడబలుక్కుంటూ చెప్పింది.

"ఈ నొప్పి సాయంత్రం వస్తుంది. ఈ అమ్మాయే చెప్పింది."

కంపౌండరు గ్రేసమ్మ వైపు తిరిగి చూశాడు.

"సాయంత్రం ఎవరైనా దగ్గర ఉండి చూడాలి. నేను నెలకు ఒక్కరోజే వస్తాను. కంపౌండర్, నీ ఇల్లు ఈ ఊళ్ళోనే కదా?"

"ఊర్లెనే మేడం."

"అయితే రోజూ సాయంత్రం నువ్వు వెళ్ళు. ఈ అమ్మాయి ఎట్లా ఉందో చూడు. మర్చిపోవద్దు."

గ్రేసమ్మ పిల్లను ఒళ్ళోకి గట్టిగా లాక్కుంది.

"తప్పకుండ పోత మేడం" అని కంపౌండరు వంగి, గ్రేసమ్మ ఒళ్ళోంచి తన కూతుర్ని ఎత్తుకున్నాడు.