కొమ్మకు కొన్న సీటు

"ఆ మూట తీసి ఒళ్ళో పెట్టుకో తల్లీ. నిలబడలేకపోతున్నాను" అన్నాడు బెకిజిత, ఇంకోసారి.

కిటికీ పక్కనున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. ఆమె పక్క సీట్లో, దుప్పటి చుట్టిన పొడుగాటి మూట ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. క్రిస్మస్ ముందు జొహానెస్‌బర్గ్ నుంచి సరిహద్దు అవతలి బులవాయో వెళ్ళే బస్సులో మనిషి ఒంటికాలి మీద నిలబడటానికే చోటుండదు. అలాంటిది మూటకు సీటా!

"మూగదానివా? నాలాంటి వాడితో మాట్లాడితే పరువు పోతుందా?" బెకిజితకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడివాళ్ళేమో నా గుడిసె తగలబెట్టి మీ దేశం పొమ్మన్నారు. పోదామంటే మనవాళ్ళు బస్సులో కూర్చోనివ్వరు!"

చెయ్యి చాపి మూట ఎత్తబోయాడు. అమ్మాయి దానిమీద పడి రెండు చేతులా అదిమి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పెదవి విప్పలేదు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"చెయ్యి తియ్యి పెద్దాయనా! ఆ సీటుకు టికెట్టుంది" అంటూ దుప్పటి కొస జరిపి చూపించాడు. లోపల ముళ్ళకొమ్మ. ఆకులింకా వాడలేదు.

బెకిజిత చప్పున టోపీ తీసేశాడు. పరాయిచోట పోయినవాడి ఆత్మను ఆ కొమ్మమీద కూర్చోబెట్టి ఇంటికి తీసుకెళ్ళడం వాళ్ళ ఆచారం. దానికీ టికెట్టు కొనాలి. ఏరు దాటేటప్పుడల్లా పూర్తి పేరుతో పిలిచి దారి చెప్పాలి, లేకపోతే వెనకే ఉండిపోతుంది. కొమ్మ పట్టినవాళ్ళు ఇల్లు చేరేదాకా మరెవరితోనూ మాట్లాడకూడదు.

"తప్పయిపోయింది తల్లీ" అని గొణిగాడు. చిన్న వయసు. మొగుడై ఉంటాడు, పాపం అనుకున్నాడు.

కండక్టరు అతన్ని ముందుకు తీసుకెళ్ళి డ్రైవరు పక్కన ఒక పెట్టె బోర్లించి కూర్చోబెట్టాడు.

"ఎవరింటివాడివి?"

"లుపానే వైపు. గ్వాయి ఏటి ఒడ్డున మసుకు వాళ్ళింటివాణ్ణి."

"ఎన్నాళ్ళకు పోతున్నావు?"

"ఇరవై ఏళ్ళు దాటింది. పనిచేసే గని మూసేశాక ఉత్తచేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వచ్చే క్రిస్మస్, వచ్చే క్రిస్మస్ అనుకుంటూనే జుట్టు నెరిసింది."

"కబురైనా పెట్టలేదా?"

"ఏమని పెట్టను? బతికే ఉన్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది."

కండక్టరు నవ్వాడు. "అయితే నీ పెళ్ళాం చీపురు తిరగేసి సిద్ధంగా ఉంటుందిలే."

"కొట్టనీ. కడుపుతో ఉన్నదాన్ని వదిలేసి వచ్చినవాణ్ణి, పడతాను. కొట్టాక ఇంత మొక్కజొన్న సంకటి, పక్కన మొపాని పురుగుల వేపుడు పెడితే చాలు. అసలు గుర్తుపడుతుందా అని నా భయం. గుమ్మంలో నిలబడి నేనే, నేనేనని చెప్పుకోవాలేమో." వెనకనున్న ఆ సీటు వైపు చూసి నిట్టూర్చాడు. "వాడు అదృష్టవంతుడయ్యా. చచ్చినా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు."

పొద్దు వాలే వేళకు సరిహద్దు వచ్చింది. లింపోపో నది వంతెన మీద బండ్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. విసిగిపోయి జనం దిగి నడక మొదలుపెట్టారు. ఆ అమ్మాయి కూడా కొమ్మను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని దిగింది.

పొద్దున చేసిన పాడుపని బెకిజిత మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆమెకు ముందు నడుస్తూ, మోచేతులతో జనాన్ని పక్కకు నెడుతూ గొంతు చించుకున్నాడు.

"జరగండి! ఇంటికి పోయే మనిషి వస్తున్నాడు, దారివ్వండి!"

నడి వంతెన మీద అమ్మాయి ఆగింది. దుప్పటి విప్పి కొమ్మను నీటివైపు తిప్పింది. బెకిజిత ఆమె గొంతు వినడం అదే మొదలు.

"నాన్నా, ఇది లింపోపో. దాటితే మన నేలే. నేను కడుపులో ఉండగా వెళ్ళావట, నన్ను నువ్వు ఎరగవు. నీ గుడిసె బూడిద చూపించి, నువ్వూ అందులోనే కాలిపోయావన్నారు. గ్వాయి ఒడ్డున అమ్మ నీకోసం ఇంకా కూర్చునే ఉంది. లే, బెకిజిత మసుకూ, ఇంటికి పోదాం రా."