ఎవరికీ తెలియని అల

"ఫింటన్, మా కాహల్ అలల మీద స్వారీ చేసే సర్ఫ్ బోర్డు ఒక్కటే ఒడ్డుకొచ్చింది. మనిషి రాయి పట్టుకుని వేలాడుతున్నాడు."

"ఎక్కడ?"

ఐర్లండ్‌లోని డొనెగల్ తీరాన, కొండకొమ్ము మీంచి తమ ఊరి ఫింటన్‌కు ఫోన్ చేస్తున్న ఊనాకు చెప్పాలా వద్దా అనిపించింది. ఈ అలల చోటు ఎవరికీ చెప్పనని మొగుడు కాహల్ ఆమె చేత ఒట్టేయించుకున్నాడు. వ్యాను కూడా గడ్డి కొట్టం వెనకే దాచేవాడు.

"పాడుబడ్డ చర్చి కింద. దారి చెప్తాను..."

"తెలుసులే."

ఫింటనూ, అతని తమ్ముడూ మేకల దారిన తడుముకోకుండా దిగి, తాడు విసిరి, చలికి కొయ్యబారిన కాహల్‌ను ఒడ్డుకు లాగారు.

"ఈ చోటు నీకెవరు చెప్పార్రా?" పళ్ళు టకటకలాడుతున్నా పెళ్ళాం వంక చూస్తూ ముందు అదే అడిగాడు కాహల్.

"ఊరందరికీ తెలుసు. కొట్టం వెనక నీ వ్యాను కనిపిస్తే, దొరగారు ఒంటరిగా అలల్ని ఏలుకుంటున్నారని వెనక్కి పోతాం," అన్నాడు ఫింటన్.

"ఇకమీదట వెనక్కి పోకండి, ఫింటన్. మీరూ దిగిరండి," అంది ఊనా.

కాహల్ ఈసారి ఎవరి చేతా ఒట్టేయించుకోలేదు.