దీపం ఆర్పే ఉద్యోగం

"అయిపోయిందా?" అంది తల్లి.

"అయిపోయిందమ్మా. ఎలా ఉంది?"

"దభీమని పడింది. చీకటి పడ్డట్టు లేదు, ఫ్యూజు పోయినట్టుంది."

కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకు మూలిగాడు. పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్న కోడలు దిండు గలీబు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది.

అతను పాతకాలపు కంప్యూటర్లకి ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆట చివర, దీపాలు వెలిగించిన ఇల్లొకటి మెల్లగా నల్లబడి మాయమవ్వాలి. వారం నుంచి అది మెల్లగా మాయమవ్వనంటోంది. యజమాని పొద్దున్నే ఫోన్ చేసి, "కంప్యూటరంటే తెలియని మనిషికి చూపించు. బావుందంటే సాయంత్రంలోగా పంపు. లేదంటే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు" అన్నాడు. తెలియకపోవడమే కాదు, తెలుసుకునే ఉద్దేశం కూడా లేని మనిషి ఇంట్లోనే ఉంది.

"ఇందుకా నిన్ను అంత చదివించింది?" అంది ఆ మనిషి. "మీ నాన్న రోజూ పడుకునే ముందు స్విచ్చి నొక్కి చేసే పనే ఇది. ఆయనకెవరూ జీతమివ్వలేదు."

"స్విచ్చి కాదమ్మా. నేనసలు బొమ్మని ముట్టుకోను. రంగుల పట్టిక ఒకటుంటుంది. బొమ్మలో ప్రతి చుక్కా ఆ పట్టికలో తన గడి చూసుకుని రంగేసుకుంటుంది. నేను గడుల్లో రంగుని కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. బొమ్మ దానంతటదే నల్లబడుతుంది."

"అంటే డబ్బాలో రంగు మారిస్తే గోడ మీద రంగు మారిపోతుందన్నమాట. అలాంటి డబ్బా ఒకటి తెచ్చి ముందు మన వంటింటి సంగతి చూడు. ఇంతకీ నా టీ ఏదీ?"

"మీ ముందే పెట్టాను అత్తయ్యా."

"పెట్టావులే. పెద్దదాని చేతికిస్తే అరిగిపోతావా?"

కోడలు గ్లాసు తీసి ఆమె చేతికిచ్చింది. అతను వేగం తగ్గించి, మీట నొక్కి మళ్లీ నడిపించాడు.

"చివర్లో కిటికీలు ఎర్రబడ్డాయండీ," అంది కోడలు.

"నేనూ అదే అనబోతున్నా," అంది అత్తగారు వెంటనే. "ఇల్లు ఆరిపోతోందా, తగలబడుతోందా?"

అతను జుట్టు పీక్కున్నాడు. తప్పు ఇప్పటికి తట్టింది. "దీపం రంగులో ఎరుపెక్కువ, ఆకుపచ్చ తక్కువ, నీలం పేరుకే. నేను మూడు రంగుల్లోనూ సమానంగా కోస్తున్నాను. మిగతా రెండూ ముందే ఖాళీ అయిపోయి ఎరుపొక్కటే మిగులుతోంది. ఎందులో ఎంతుందో దాన్నిబట్టి తగ్గించాలి."

"అది తెలియడానికి వారం పట్టిందా నీకు? ఇంట్లో నలుగురికి వడ్డించే ఏ ఆడదాన్నడిగినా చెప్పేది."

అతను లెక్క మార్చాడు. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. మేడ మీద ఆరేసిన దుప్పట్ల కోసం కోడలు పరిగెత్తింది.

"అమ్మా, వేళాకోళం చాలు," అన్నాడు కొడుకు. "ఇదే ఆఖరిసారి. ఈసారి నువ్వు బాలేదంటే నా ఉద్యోగం పోయినట్టే. సరిగ్గా చూసి చెప్పు."

ఆమె గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగింది. 

కాసేపటికి ఆమె గొంతులో వెటకారం పోయింది.

"ఇప్పుడు కుదిరిందిరా నాన్నా. ఎరుపన్నదే లేదు. ఎక్కడా కుదుపు లేకుండా, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు పూర్తయిందో తెలియకుండా నల్లబడింది. చీకటంటే అలాగే పడుతుంది. ధైర్యంగా పంపించెయ్."

కొడుకు తెర మీంచి చూపు తిప్పి ఆమె కళ్లలోకి చూశాడు. తెర మీద ఇంటి దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

అతనింకా మీట నొక్కనే లేదు.