గోడ పసిగట్టిన వాసన

ఆ దేశంలో ప్రతి ఇంటి గోడకీ ముక్కుంటుంది. పొయ్యి మీద ఏది మాడినా, గదిలో ఎవరు పోయినా ఆఫీసుకి కబురు చేసేది అదే. నాంచారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఉప్పెనలో తన ఊరు గుల్లలదిబ్బ మొత్తం కొట్టుకుపోయాక, ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే శరణార్థుల ఓడెక్కి వచ్చింది. ఊళ్లో అమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు గుప్పెడు మిగిలితే, ఇల్లు ఇచ్చిన రోజున పెనం మీద వేసుకుంది.

పది నిమిషాల్లో మాస్కులు కట్టుకున్న ఇద్దరు ఆఫీసర్లు శవాల సంచీతో దిగారు.

"ఈ ఇంట్లో మృతదేహం ఉన్నట్టు నమోదైంది," అని వాళ్ల మాటని గోడే తెలుగులో చెప్పింది.

"చేపలండీ. తినేవి."

ఆఫీసర్లలో ఒకావిడ పెనంతో సహా ఎత్తి సంచీలో వేసి జిప్పు లాగేసింది.

నాంచారికి ఒళ్ళు మండిపోయింది. "ఊరంతా ఒడ్డున కుళ్ళిపోతుంటే పది రోజులు ఒక్కరూ రాలేదు. మా అమ్మని చాపలో చుట్టి నేనే పాతిపెట్టా. ఇప్పుడు నాలుగు నెత్తళ్ళకి సంచీ తెచ్చారా?"

గోడ అదేదీ పట్టించుకోలేదు. "కేసు మూసేయాలంటే మృతుల పేర్లు చెప్పండి."

"రాసుకో. అమ్మ తిరుపతమ్మ. నాన్న వీరాస్వామి. అన్న ఏడుకొండలు. వదిన మాణిక్యం."

"ఈ ఇంట్లో ఒక్కరికే అనుమతి ఉంది," అంది గోడ.

నాంచారి వెళ్లి తలుపు గడియ పెట్టి, దానికి ఆనుకుని కూర్చుంది.

"ఊళ్లో ఇంకా నాలుగొందల మంది ఉన్నారు. అందరి పేర్లూ అయ్యేదాకా ఎవరూ కదలొద్దు."